బోర్డు రెండుసార్లు మార్చినా పోని లోపం: ఒక లాప్‌టాప్ రీఫండ్ కేసు

సర్వీస్ సెంటర్ వాళ్లు రిపేరు వివరాలు రాసిచ్చిన నాలుగు జాబ్ షీట్లు నా బల్ల మీద వరసగా పరిచి, "వీటిలో ఏది చదివినా నా మెషీన్ గురించి రాసినట్టు ఉండదండీ" అన్నారు ఆమె.

మొదటి దాంట్లో "ఆన్ కావడం లేదు, ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం" అని ఉంది. రెండోది "ఛార్జింగ్ సమస్య, అడాప్టర్ మార్చాం". మూడోది "నో పవర్, మదర్‌బోర్డ్ (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మార్చాం". నాలుగోది "సడన్ షట్‌డౌన్, మదర్‌బోర్డ్ మార్చాం, 24 గంటలు టెస్ట్ చేశాం, ఓకే". కొన్న ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు. ఇక విసిగిపోయి రీఫండ్ అడిగితే కంపెనీ నుంచి మూడు లైన్ల జవాబు వచ్చింది: మీరు తెచ్చినవి నాలుగు వేర్వేరు సమస్యలు, నాలుగూ వారంటీలో ఉచితంగా పరిష్కరించాం, కాబట్టి రీఫండ్‌కు అర్హత లేదు.

ఆ జవాబు చూశాకే ఈ కేసు తీసుకున్నాను. నేను లాప్‌టాప్ హార్డ్‌వేర్ పని చేసేవాణ్ణి. రిపేర్లతో పాటు, కంపెనీతో వివాదం నడుస్తున్నవాళ్ల మెషీన్లు పరీక్షించి రిపోర్టు రాసిస్తుంటాను. రీఫండ్ అడిగేవాళ్లు చాలామంది "ఎన్నిసార్లు తిరిగాను" అన్న లెక్కతో వస్తారు. కానీ అన్నిసార్లూ తిరిగింది ఒకే లోపం కోసమని చూపించకపోతే ఆ లెక్కకు విలువ లేదు. నాలుగు రిపేర్లు నాలుగు సమస్యలకైతే అది మంచి సర్వీసు. నాలుగూ ఒకే సమస్యకైతే అది బాగుపడని వస్తువు. ఈ కేసు మొత్తం ఆ తేడా మీదే నడిచింది.

చెప్పిందొకటి, రాసుకున్నదొకటి

ముందు లోపాన్ని ఆమె మాటల్లోనే చెప్పమన్నాను. ఆమె అనువాదాలు చేస్తారు. రోజుకు పది గంటలు మెషీన్ ముందే. పని మధ్యలో ఎవరో ప్లగ్గు పీకేసినట్టు మెషీన్ చటుక్కున ఆగిపోతుంది. విండోస్ క్రాష్ అయినప్పటి నీలం స్క్రీన్ రాదు, హెచ్చరిక రాదు, ఫ్యాన్ చప్పుడు కూడా అదే క్షణంలో ఆగుతుంది. తర్వాత పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఛార్జర్ తీసేసి, బటన్‌ను అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకుంటే అప్పుడు ఆన్ అవుతుంది.

"ప్రతిసారీ ఇంతేనా? ఏదో ఒకసారి వేరేగా జరిగిందా?"

"ప్రతిసారీ ఇంతే. తొమ్మిదో రోజు నుంచీ ఇంతే. నాలుగుసార్లూ కౌంటర్లో ఇదే చెప్పాను."

ఆమె చెప్పింది నిజమే. అయితే కౌంటర్లో ఉన్నవాళ్లు ఆమె మాటలు రాసుకోలేదు, తమకు తోచిన పేరు రాసుకున్నారు. ఆగిపోయిన మెషీన్‌ను తెచ్చిన రోజు "ఆన్ కావడం లేదు" అయింది. ఛార్జర్ తీసి పెడితే ఆన్ అవుతోందన్న రోజు "ఛార్జింగ్ సమస్య" అయింది. ఇందులో కుట్ర ఉందని నేను అనుకోను. లైన్లో జనం ఉంటారు, కంప్యూటర్‌లో ఎంచుకోవడానికి కొన్ని పేర్లే ఉంటాయి. కానీ తర్వాత రీఫండ్ ఫైలు చూసే మనిషికి కనిపించేది ఆ పేరు ఒక్కటే. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లకు గట్టిగా చెబుతాను: జాబ్ షీట్ మీద సంతకం పెట్టే ముందు సమస్య అన్న గడిలో మీ వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే రాయించండి. వాళ్లు రాయనంటే, ఆ జాబ్ నంబర్ వేసి మీ వాక్యాన్ని అదే రోజు ఈమెయిల్ చేయండి.

లాగ్‌లో మిగిలింది

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, మెషీన్‌లో జరిగినవి విండోస్ తనంతట తాను రాసుకునే చిట్టాలో, అంటే సిస్టమ్ లాగ్‌లో, కెర్నల్-పవర్ 41 అన్న ఎంట్రీలు వడగట్టాను. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోతే, తర్వాత ఆన్ అయినప్పుడు విండోస్ ఈ ఎంట్రీ వేస్తుంది. అంతకుమించి ఇది ఏమీ చెప్పదు. దీన్ని పట్టుకుని "హార్డ్‌వేర్ పోయిందనడానికి రుజువు" అంటే అవతలి ఇంజినీరు సులువుగా కొట్టిపారేస్తాడు, అది న్యాయం కూడా. ఎంట్రీ లోపలి వివరాలు చూడాలి. బ్లూ స్క్రీన్ వచ్చి ఆగితే బగ్‌చెక్ కోడ్ దగ్గర మామూలుగా ఒక అంకె ఉంటుంది. మనిషే బటన్ నొక్కి పట్టుకుని ఆపితే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ దగ్గర అంకె ఉంటుంది. ఈ మెషీన్‌లో ప్రతి ఎంట్రీలోనూ రెండు చోట్లా సున్నా. అంటే విండోస్‌కు ఏం జరిగిందో తెలిసేలోపే కరెంటు పోయింది. లోపల ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ ఉండగా లాప్‌టాప్‌కు అలా కరెంటు పోకూడదు.

ఇంకో చిన్న సంగతి. 41 ఎంట్రీ మీద ఉండే సమయం మెషీన్ మళ్లీ ఆన్ అయిన సమయం, ఆగిన సమయం కాదు. ఆగిన సమయం పక్కనే ఉండే 6008 ఎంట్రీలో దొరుకుతుంది. నేను రెండూ కలిపి పట్టిక వేశాను. మొత్తం 37సార్లు.

మొదటి రెండు వారాల ఎంట్రీలు మాత్రం లేవు. మొదటి విజిట్‌లో ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాత లాగ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆమెకు తెలిసి ఉంటే మెషీన్ ఇచ్చే ముందు లాగ్‌ను ఒక ఫైలుగా సేవ్ చేసుకునేవారు. రెండు నిమిషాల పని అది. సర్వీసుకు ఇచ్చే ప్రతివాళ్లూ ఫొటోలు, డాక్యుమెంట్లు బ్యాకప్ తీసుకుంటారు, లాగ్ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అయినా మిగిలిన 37 చాలు. ఎందుకంటే మొదటి విజిట్ తర్వాత డిస్క్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మదర్‌బోర్డ్ రెండుసార్లు మారింది, విండోస్ మాత్రం అదే. కాబట్టి మూడు బోర్డుల కాలం ఒకే లాగ్‌లో ఉంది. పట్టిక పక్కన జాబ్ షీట్ల తేదీలు వేసి చూస్తే, మెషీన్ సర్వీస్ సెంటర్‌లో ఉన్న రోజుల్లో ఒక్క ఎంట్రీ లేదు, ఇంటికి వచ్చిన మూడు నాలుగు రోజుల్లో మళ్లీ మొదలు. మొదటి బోర్డుతో, రెండో బోర్డుతో, మూడో బోర్డుతో. అన్నిట్లోనూ అవే రెండు సున్నాలు.

బోర్డు నిజంగా మార్చారా అన్న అనుమానం ఆమెకు ఉండేది. దానికీ జవాబు దొరికింది. రెండుసార్లూ ఇంటికి తెచ్చాక, డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ తాళం టీపీఎమ్ అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది, ఆ టీపీఎమ్ బోర్డుతో పాటే పోతుంది. బోర్డు మారితే అలా అడగడం సహజం. మొదటిసారి ఆ కీ ఎక్కడుందో వెతుక్కోవడానికే ఆమెకు ఒక పూట పట్టిందట. అప్పటి టెన్షన్ ఇప్పుడు మనకు సాక్ష్యమైంది.

నా బల్ల మీద ఆగలేదు

ఇక్కడ నేను ఒక వారం పోగొట్టాను. ప్రాసెసర్‌ మీద ఆరు గంటలు పూర్తి లోడు పెట్టాను. మెమరీ టెస్ట్ నాలుగు పాస్‌లు నడిపాను. ఛార్జర్‌తో, ఛార్జర్ లేకుండా, వేడెక్కించి, చల్లార్చి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సర్వీస్ సెంటర్ వాళ్ల "24 గంటలు టెస్ట్, ఓకే" అబద్ధం కాదని అప్పుడు అర్థమైంది. వాళ్లు ఎక్కడ పొరబడ్డారో నేనూ అక్కడే పొరబడుతున్నాను: మెషీన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టి, లోపల ఏదో తప్పు ఉందని వెతుకుతున్నాను.

ఆమెకు ఫోన్ చేసి, ఆగే సమయానికి ఏం చేస్తుంటారని అడిగాను. "టైప్ చేస్తుంటాను" అన్నారు. ఎక్కడ కూర్చుని? "పగలు టేబుల్ దగ్గర. సాయంత్రం అయితే సోఫాలోకి మారతాను." పట్టిక చూశాను. 37లో 29 సాయంత్రం ఏడు తర్వాతవే. వేడి వల్లనో, బ్యాటరీ వల్లనో అయితే ఇలా గడియారం చూసుకుని రాదు.

మెషీన్ ఆన్‌లో ఉండగా ఎడమ చేత్తో ముందువైపు ఎడమ మూల పట్టుకుని, మనం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీసుకెళ్లేటప్పుడు ఎత్తినట్టు ఎత్తాను. ఏమీ కాలేదు. దించి మళ్లీ ఎత్తాను. మూడోసారికి స్క్రీన్ నల్లబడింది. బటన్ నొక్కితే చలనం లేదు. ఛార్జర్ తీసి, అర నిమిషం పట్టుకుంటే ఆన్ అయింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నా చేతిలో జరిగింది. ఆ రోజు పదిసార్లు ఆ ప్రయత్నం చేస్తే ఏడుసార్లు ఆగింది. కుడి మూల పట్టుకుని పదిసార్లు ఎత్తితే ఒక్కసారీ ఆగలేదు.

వీడియో ఒకే టేక్‌లో, కట్ లేకుండా తీశాను. ముందు కింద ఉన్న సీరియల్ నంబర్ స్టిక్కర్, తర్వాత స్క్రీన్ మీద తేదీ, బ్యాటరీ శాతం, తర్వాత ఎత్తడం, ఆగడం, మళ్లీ ఆన్ చేయడం, చివర కొత్తగా పడిన 41 ఎంట్రీ. మధ్యలో కట్ ఉంటే వేరే మెషీన్ అనడానికి సందు దొరుకుతుంది.

అప్పటికి లోపల ఏముందో నాకు సగం అర్థమైంది. విప్పి చూడాలని చేతులు లాగాయి. విప్పలేదు. కొన్ని దేశాల్లో, విప్పితే చిరిగే వారంటీ స్టిక్కర్ చిరిగినంత మాత్రాన వారంటీ రద్దు కాదు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2018లో ఇలాంటి షరతులు పెట్టిన కంపెనీలకు హెచ్చరిక లేఖలు కూడా పంపింది. కానీ ఇక్కడ ప్రశ్న వారంటీ గురించి కాదు. నేను ఒక్క స్క్రూ తిప్పితే, లోపల ఏం దొరికినా అది నేను చేసిందే అనే అవకాశం ఇచ్చినట్టు. రిపోర్టులో ఇంతవరకే రాశాను: రెండుసార్లు బోర్డు మారినా లక్షణం మారలేదు, కాబట్టి కారణం మారని భాగాల్లో, అంటే కింది ఫ్రేమ్, కీబోర్డు భాగం, బ్యాటరీ, వాటిని కలిపే కేబుళ్లలో ఉండటానికి ఎక్కువ అవకాశం. మెషీన్ వంగినప్పుడే లోపం వస్తోంది. లోపల నేను చూడలేదు.

ఉత్తరం

ఆమె ముందే రాసిపెట్టుకున్న ఉత్తరం నాలుగు పేజీలు. అనువాదం ఆఖరి పేజీలో ఉండగా మెషీన్ ఆగిపోయిన రాత్రి, చేజారిన పని, ఫోన్లో ఎదురుచూసిన గంటలు అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకే కోపం వచ్చింది. అయినా వాటిని వేరే కాగితంలోకి మార్చమన్నాను. నష్టపరిహారం వేరు, ధర వాపసు వేరు. రెండూ కలిపితే చదివేవాడికి బేరం ఆడటానికి ఒక కొస దొరుకుతుంది, లోపం పక్కకు పోతుంది.

ఉత్తరం ఒక పేజీకి వచ్చింది. మొదటి వాక్యంలోనే ఒకే లోపమని, లక్షణం ఇదని ఉంది. కింద నాలుగు తేదీలు, ప్రతి తేదీ పక్కన కంపెనీ చేసిన పని, మళ్లీ ఆగిన మొదటి తేదీ. తర్వాత కోరేది: బిల్లు మొత్తం వాపసు, 15 రోజుల్లో జవాబు. జతగా లాగ్ ఫైలు, పట్టిక, వీడియో, నా రిపోర్టు.

పంపేటప్పుడు ఒక లోటు బయటపడింది. ఎనిమిది నెలల్లో ఆమె మాట్లాడింది సర్వీస్ సెంటర్‌తోనే. అమ్మినవాళ్లకు ఒక్క ముక్క రాయలేదు. దాదాపు అందరూ చేసే పొరపాటే ఇది. వారంటీ అనేది తయారీదారు ఇచ్చే మాట. చట్టం ఇచ్చే హక్కు చాలా చోట్ల అమ్మినవాడి మీద ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2019/771 డైరెక్టివ్ ప్రకారం అమ్మినవాడి బాధ్యత కనీసం రెండేళ్లు, మొదటి ఏడాదిలో బయటపడ్డ లోపం అమ్మేనాటికే ఉందని భావిస్తారు, కాదని నిరూపించాల్సింది అమ్మినవాడే. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో, లోపమున్న వస్తువును మొదటి 30 రోజుల్లో నేరుగా తిరిగిచ్చేసే హక్కుంది, ఆ తర్వాత ఒక్క రిపేరుకో మార్పిడికో అవకాశం ఇస్తే చాలు, అదీ విఫలమైతే తిరిగిచ్చేయవచ్చు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం, "ఫుల్" అని పేర్కొన్న వారంటీ ఉన్న వస్తువు తగినన్ని ప్రయత్నాల తర్వాత కూడా బాగుపడకపోతే రీఫండో మార్పిడో కొన్నవాళ్లే ఎంచుకోవచ్చంటుంది. భారతదేశంలో 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుల కమిషన్ ధర వాపసుకు ఆదేశించవచ్చు, పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే వస్తువును ల్యాబ్‌కు పంపించవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. "ఎన్ని రిపేర్లదాకా ఓపిక పట్టాలండీ?" అని ఆమె అడిగిన ప్రశ్నకు అన్నిచోట్లా ఒకే అంకె లేదు. కానీ బాగుచేసే అవకాశం ఇచ్చాం, ఆ లోపమే తిరిగి వచ్చింది అన్నది అన్నిచోట్లా పనికొస్తుంది.

ఉత్తరం కంపెనీకీ, అమ్మినవాళ్లకూ వెళ్లింది. 11వ రోజున జవాబు వచ్చింది: ఐదో రిపేరు, లేదంటే అదే మోడల్ రీఫర్బిష్డ్ మెషీన్. ఆమె ఊగిసలాడారు. ఇంకెన్నాళ్లు ఈ గొడవ అన్న అలసట గొంతులోనే తెలుస్తోంది. కొత్త మెషీన్ ఇచ్చి, వారంటీ మొదటి రోజు నుంచి లెక్కిస్తామంటే నేనే తీసుకోమనేవాణ్ణి. ఇది అది కాదు. వేరేవాళ్లు తిరిగిచ్చిన మెషీన్, పైగా మిగిలింది మూడు నెలల చిల్లర వారంటీ. వద్దన్నాను. అయితే "మీకు మెషీన్ ఇచ్చేదే లేదు" అని కూడా రాయవద్దన్నాను. పరీక్షించనివ్వని కస్టమర్ అన్న మాట ఫైల్లో పడితే ఎక్కడికెళ్లినా అది వెంట వస్తుంది. కలిసి పరీక్షిద్దాం అని రాశాం. షరతులు మూడు: ఆమె ఎదుటే విప్పాలి, డిస్క్ చెరపకూడదు, ఏ భాగమూ మార్చకూడదు.

విప్పిన రోజు

కంపెనీ ఇంజినీరు కుర్రవాడు, మర్యాదస్తుడు. మెషీన్ ఆన్ చేసి బల్ల మీద పెట్టి టెస్ట్ మొదలుపెట్టాడు. "బాగానే ఉంది కదండీ" అన్నాడు. ఆమె ఏమీ అనకుండా ఎడమ మూల పట్టుకుని ఎత్తారు. రెండోసారికి ఆగింది. అతను తానే ఆన్ చేసి, తానే ఎత్తాడు. ఆగింది. ఇంకోసారి ఎత్తాడు. ఆ తర్వాత మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీశాడు.

కింది కవరు వచ్చింది. బ్యాటరీ కనెక్టర్ తీశాడు, ఫ్యాన్, హీట్‌సింక్ తీశాడు, బోర్డు పైకి లేపాడు. ఫ్రేముకూ బోర్డుకూ మధ్య పల్చని నల్లటి ఇన్సులేషన్ షీట్ ఉంటుంది, ఫ్రేముకే అతికించి. ఎడమ మూల దగ్గర స్క్రూ దిగే ఇత్తడి దిమ్మ నిటారుగా లేదు, వెంట్రుకవాసి పక్కకు వాలి ఉంది. దాని అంచు షీట్‌ను కోసేసింది. టార్చ్ వేసి బోర్డు అడుగుభాగం చూపించాడు. సరిగ్గా ఆ చోటే ఆవగింజంత మచ్చ, పచ్చటి పూత అరిగి లోపలి రాగి మెరుస్తోంది. మూల పట్టుకుని ఎత్తినప్పుడల్లా ఫ్రేము కాస్త వంగి, ఇత్తడి అంచు ఆ రాగికి తగులుతోంది. షార్ట్ అవగానే బోర్డు తనను తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేసుకుంటోంది. పాత బోర్డు తీసి కొత్తది పెట్టిన రెండుసార్లూ దాన్ని ఇదే షీట్ మీద, ఇదే దిమ్మకు బిగించారు.

ఫొటోలు తీసుకున్నాక, జాబ్ షీట్‌లో "కస్టమర్ చెప్పిన లోపం మా ఎదుట కనిపించింది" అని రాయమని అడిగాను. అతను తటపటాయించాడు. పైవాళ్లకు ఫోన్ చేస్తూ బయటికి వెళ్లాడు. పావుగంట తర్వాత వచ్చి రాశాడు. కారణం దగ్గర "ఫ్రేమ్ అలైన్‌మెంట్" అని కూడా తానే చేర్చాడు. అతను నిజాయితీగా రాసిన ఆ రెండు వాక్యాలే రీఫండ్ ఇప్పించాయని నేను నమ్ముతాను.

డబ్బు

కంపెనీ ఇంకో రెండు మెట్లు ఎక్కించింది. మొదటిది, కింద పడటం వల్ల దిమ్మ వాలి ఉండొచ్చు కదా అని. దీనికి జవాబు వాళ్ల కాగితంలోనే ఉంది. కొన్న 12వ రోజున రాసిన మొదటి జాబ్ షీట్‌లో బాడీ కండిషన్ గడిలో "సొట్టలు, గీతలు లేవు" అని వాళ్లే టిక్కు పెట్టారు. అప్పటికే ఈ లోపం మొదలై మూడు రోజులైంది. ఎవరూ చదవని ఆ గడి అంత పని చేస్తుందని ఆమె ఊహించలేదు.

రెండోది, ఎనిమిది నెలలు వాడినందుకు ధరలో కోత. ఈ మాటను ఊరికే కొట్టిపారేయలేం. బ్రిటన్ చట్టం కూడా ఆరు నెలలు దాటితే వాడకానికి కొంత తగ్గించుకోనిస్తుంది. మేం రాసిందిది: ఆ ఎనిమిది నెలల్లో 61 రోజులు మెషీన్ మీ సర్వీస్ సెంటర్లో ఉంది, తొమ్మిదో రోజు నుంచి లోపంతోనే ఉంది, పట్టికలో ప్రతి తేదీ ఉంది. కోత వదులుకున్నారు. పోయిన పనికి మాత్రం పైసా కూడా ఇచ్చేది లేదన్నారు. దానికోసం పోరాడవచ్చని నా అభిప్రాయం, ఆమెతో అన్నాను కూడా. ఆమె వద్దనుకున్నారు. ఆ నిర్ణయం ఆమెదే.

మెషీన్ అప్పగించే ముందు ఆమె డేటా కాపీ చేసుకుని, అకౌంట్ల నుంచి సైన్ అవుట్ అయ్యి, డిస్క్ పూర్తిగా చెరిపారు. చెరిపే ముందు లాగ్ ఫైలు మరో రెండు చోట్ల దాచాం, డబ్బు చేతికి వచ్చేదాకా వివాదం ముగిసినట్టు కాదు గనక. బిల్లు మొత్తం 23వ రోజున ఖాతాలో పడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరే బిల్లు మీద కొన్నారని. వాపసు ఇచ్చేసిన మెషీన్‌కు ఇక వారంటీ దేనికి? ఇంకో ఉత్తరం రాశాం, ఈసారి నాలుగు లైన్లే. మూడు వారాల తర్వాత ఆ డబ్బు కూడా వచ్చింది.